నల్లమల మీద ఆరు నిమిషాలు

2009 సెప్టెంబర్ 2. ఈ తేదీ చెప్తే తెలుగువాళ్ళకి ఇంకేం వివరించక్కర్లేదు. ఆ రోజు ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో కూలిపోయింది. ఆయన, ఇద్దరు అధికారులు, ఇద్దరు పైలట్లు, మొత్తం ఐదుగురు చనిపోయారు. ఎక్కడ పడిందో మర్నాడు ఉదయం దాకా తెలియలేదు.

ఆ ప్రమాదం వల్ల రాజకీయాలు ఎలా మారాయో మాట్లాడేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. విచారణ కమిటీ ఏం చెప్పిందో మాట్లాడేవాళ్ళు మాత్రం నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. డీజీసీఏ అప్పట్లో పవన్‌హన్స్ అధిపతిగా ఉన్న ఆర్.కె. త్యాగి నాయకత్వంలో ఒక సాంకేతిక కమిటీ వేసింది. హెలికాప్టరు తీవ్రమైన డౌన్‌డ్రాఫ్ట్‌లో, అంటే పైనుంచి కిందికి తోసే గాలిలో చిక్కుకుని అదుపు తప్పిందని ఆ కమిటీ తేల్చింది. దానికి తోడైన కారణాల్లో ఒకటి నా బుర్రలో నాటుకుపోయింది. గేర్‌బాక్సు ఆయిల్ ప్రెషర్‌కి సంబంధించిన ఒక సమస్యకి ఏం చెయ్యాలో వెతుక్కుంటూ పైలట్లు ఆరు నిమిషాలకు పైగా గడిపారు. పైగా ఆ సమస్య అప్పటికప్పుడు ప్రాణం మీదికొచ్చేంత పెద్దది కాదని కూడా కమిటీయే చెప్పింది.

ఆరు నిమిషాలు. పుస్తకంలో ఒక పేజీ కోసం. బయట మబ్బులు, కింద అడవి, గుట్టలు.

ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళకి ఈ వాక్యం చదవగానే కడుపులో ఏదో తిప్పినట్టు ఉంటుంది. రాత్రి రెండింటికి ఫోను మోగుతుంది, ల్యాప్‌టాప్ తెరుస్తాం, డాష్‌బోర్డు మీద ఎర్రగా ఏదో వెలుగుతుంటుంది. అదేంటో అర్థమవుతుంది కానీ ఏం చెయ్యాలో ఎక్కడో వికీలో ఉంటుంది. ఆ వికీ పేజీ ఎక్కడుందో రాసినవాడు ఉద్యోగం మారి ఏడాదైంది! మన దగ్గర ఆ ఆరు నిమిషాలు పోతే కస్టమర్ తిడతాడు, అంతే. కాక్‌పిట్‌లో అంత తేలిగ్గా పోదు.

అందుకే ఈ టపా. కాక్‌పిట్ తెరల్ని, మీటల్ని, పుస్తకాల్ని మనిషికి తగ్గట్టు ఎలా చెయ్యాలో ప్రపంచం ఎలా నేర్చుకుందో, ఆ నేర్చుకున్నది మన నల్లమల ఆకాశం దాకా ఎంతవరకు వచ్చిందో చూద్దామని.

ముందు ఊరి సంగతి. మాది అచ్చంపేట వైపు. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. మ్యాపు మీద బేగంపేట నుంచి చిత్తూరుకి స్కేలు పెట్టి గీత గీయండి. కల్వకుర్తి, అచ్చంపేట చుట్టుపక్కల నుంచి పోయి అమ్రాబాద్ గుట్టలెక్కి, కృష్ణ దాటి కర్నూలు అడవుల్లోకి పోతుంది ఆ గీత. కూలిన చోటు పావురాలగుట్ట, ఏటికి అవతల. వెతుకులాట మాత్రం ఇటువైపు కూడా జరిగింది. వేలమంది పోలీసులు, వైమానిక దళం హెలికాప్టర్లు, చివరికి సుఖోయ్ యుద్ధ విమానం, ఇస్రో ఉపగ్రహం. నేనప్పుడు బడిపిల్లవాణ్ణి. మా ఇంట్లో టీవీ ముందు సగం వాడ కూర్చుంది.

అందరి నోటా ఒకటే మాట. "గంత పెద్ద మనిషి ఎక్కిన హెలికాప్టర్ ఉట్టిగ ఎట్ల పడ్తది? ఎవలో చేయించిండ్రు." ఈ మాట మా వాడలోనే ఆగలేదు. 2010 జనవరిలో ఒక టీవీ కథనం తర్వాత చాలా ఊళ్ళలో ఒక కంపెనీ దుకాణాల మీద దాడులు కూడా జరిగాయి. కుట్ర నమ్మనివాళ్ళు ఇంకో మాట అన్నారు: "పైలట్ తప్పు." ఈ రెండూ చూడ్డానికి వేరుగా ఉన్నా నా దృష్టిలో ఒకే తాను ముక్కలు. రెండిట్లోనూ ఎవడో ఒక మనిషి దొరికితే చాలు, అక్కడితో ప్రశ్న ఆగిపోతుంది.

ప్రశ్న అక్కడ ఆపకూడదని మొదట పట్టుబట్టింది ఎవరంటే, ఇంజనీర్లు కాదండీ, సైకాలజిస్టులు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. అమెరికా వాళ్ళ బి-17 బాంబర్లు క్షేమంగా నేల మీదికి దిగేవి. దిగాక రన్‌వే మీద పైలట్ రెక్కల ఫ్లాపులు ముడవబోయి చక్రాలు ముడిచేసేవాడు. విమానం పొట్ట నేలకి రాసుకునేది. ఒకరిద్దరైతే అజాగ్రత్త అనుకోవచ్చు. మళ్ళీ మళ్ళీ అదే. ఆల్ఫాన్స్ చపానిస్ అనే కుర్ర సైకాలజిస్టుని 1943లో ఈ పని మీద పెట్టారు. ఆయన కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూస్తే సంగతి క్షణంలో అర్థమైంది. ఫ్లాపుల స్విచ్చి, చక్రాల స్విచ్చి పక్కపక్కనే ఉన్నాయి, రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. అలా లేని సి-47 విమానంలో ఈ గొడవే లేదు.

ఆయన చేసిన మందు చాలా చవక. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకి రెక్క ఆకారంలో ఒక ముక్క తగిలించాడు. చీకట్లో, చెమట చేతులతో తడిమినా తేడా తెలుస్తుంది. ఈ రోజు మీరెక్కే ఏ పెద్ద విమానంలోనైనా చక్రాల మీట చివర చక్రం బొమ్మే ఉంటుంది. అది నిబంధనగా మారింది.

యుద్ధం అయ్యాక 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇద్దరూ కలిసి "పైలట్ తప్పు" అని ముద్ర పడిన అనుభవాలు పోగేశారు. మీటల దగ్గర జరిగినవి 460, గడియారాలు చదవడంలో జరిగినవి 270. మీటల తప్పుల్లో సగం దాకా ఒకటనుకుని ఇంకోటి పట్టుకోవడమే. వాళ్ళు చెప్పిన సారాంశం మన భాషలో చెప్పాలంటే ఇది. ఒకడు తప్పు చేస్తే ఆ మనిషిని చూడు. వందమంది అదే తప్పు చేస్తే ఆ వస్తువుని చూడు.

ఆ 270లో బాగా భయపెట్టేది ఎత్తు చూపించే ఆల్టిమీటరు. అందులో గోడ గడియారంలా మూడు ముళ్ళు ఉండేవి. ఒకటి వందలు, ఒకటి వేలు, ఒక చిన్నది పదివేలు. ఆ చిన్న ముల్లు మిగతా వాటి వెనక దాక్కుంటే పదివేల అడుగుల తేడా వచ్చేస్తుంది. 1949లో గ్రెథర్ అనే ఆయన పరీక్ష పెట్టి చూస్తే దాన్ని చదవడానికే ఏడు సెకన్ల దాకా పట్టింది. పదిలో ఒకటి కంటే ఎక్కువసార్లు వెయ్యి అడుగులో అంతకు మించో తప్పు వచ్చింది. చదివింది కొత్తవాళ్ళు కాదు, పైలట్లే.

మరి మర్నాడే మార్చేశారా? లేదు. 1958 క్రిస్మస్ ముందు రోజు ఇంగ్లండులో ఒక బ్రిటానియా విమానం పొగమంచులో పొలాల్లోకి దిగిపోయింది. సిబ్బంది ఎత్తుని పదివేల అడుగులు ఎక్కువ చదివారు. తొమ్మిదిమంది పోయారు. రిపోర్టు వచ్చిన పదకొండేళ్ళకి! బగ్ తెలుసు, ఫిక్స్ తెలుసు, రిలీజ్ మాత్రం కాలేదు. ఈ జబ్బు మన పరిశ్రమకే ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

పాత గడియారాల కాక్‌పిట్ చూడాలంటే ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. నాగార్జునసాగర్ డ్యాము అవతలి ఒడ్డున విజయపురి సౌత్‌లో రన్‌వే ఉంది. అక్కడ పైలట్ శిక్షణ ఇచ్చేవాళ్ళు. ఆ చిన్న సెస్నాలు నల్లగొండ జిల్లా పొలాల మీద చక్కర్లు కొట్టేవి. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలంలో అలాంటి సెస్నా 152 ఒకటి కూలి శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి చనిపోయింది. దాని కారణాల జోలికి నేను పోవడం లేదు. కానీ ఆ తరగతి విమానంలో పైలట్ ముందు కనిపించేది ఆరు గుండ్రటి గడియారాలు: వేగం, వాలు, ఎత్తు, మలుపు, దిశ, ఎక్కుతున్నామా దిగుతున్నామా. ఈ ఆరింటినీ ఒక వరసలో పెట్టాలన్న ఆలోచన 1930ల నాటి బ్రిటిష్ వైమానిక దళానిది. అంతకుముందు ఒక్కో విమానంలో ఒక్కో చోట ఉండేవి. ఎక్కడ చూడాలో కంటికి అలవాటైతే మెదడుకి పని తగ్గుతుంది. తర్వాత గాజు తెరలొచ్చినా ఆ వరస చాలావరకు అలాగే ఉంది.

ఇక లైట్ల సంగతి. నల్లమల కథకి దగ్గరి చుట్టం ఇక్కడుంది.

1972 డిసెంబర్ 29 రాత్రి. అమెరికాలో మయామీ దగ్గర ఈస్టర్న్ 401 అనే పెద్ద జెట్ విమానం. ముందు చక్రం దిగిందని చూపించే పచ్చలైటు వెలగలేదు. చక్రం దిగలేదా, బల్బు మాడిందా? కాక్‌పిట్‌లో ఉన్న అందరి దృష్టీ ఆ బల్బు మీదే. ఈలోగా ఆటోపైలట్ ఎత్తు పట్టి ఉంచే పని వదిలేసింది. ఎత్తు తగ్గుతోందని ఒక గంట మోగింది, ఎవరూ పట్టించుకోలేదు. విమానం నెమ్మదిగా చిత్తడి అడవిలోకి దిగిపోయింది. వందమందికి పైగా పోయారు. మాడింది బల్బే. ఆరేళ్ళకి, 1978 డిసెంబర్‌లో పోర్ట్‌లాండ్ దగ్గర ఇంకో విమానం చక్రాల సమస్య చూసుకుంటూ చూసుకుంటూ ఇంధనం అయిపోయి కూలింది. ఈ రెండూ కలిసి 1979లో నాసా ఒక సమావేశం పెట్టేలా చేశాయి. సిబ్బంది పని ఎలా పంచుకోవాలన్న శిక్షణ అక్కణ్ణుంచే మొదలైంది. దాంట్లో మొదటి పాఠం: ఏం జరిగినా సరే, ఒకరు విమానం నడపాలి, ఇంకొకరు సమస్య చూడాలి.

మనిషికి నేర్పడం ఒక సగం. రెండో సగం యంత్రానికి నేర్పడం. 1980ల మొదట్లో వచ్చిన ఎయిర్‌బస్ ఎ310లో ఒక కొత్త ఏర్పాటు పెట్టారు. ఏదైనా చెడితే తెర మీద లైటు వెలగడమే కాదు, ఏం చెడిందో, ఏ పనులు ఏ వరసలో చెయ్యాలో కూడా అదే తెర మీద వస్తుంది. ఒక పని చెయ్యగానే ఆ వరస చెరిగిపోతుంది. ప్రాణాంతకమైతే ఎరుపు, జాగ్రత్త అయితే పసుపు. ఒకేసారి రెండు మూడు వస్తే ఏది ముందో అదే తేలుస్తుంది. టేకాఫ్ లాంటి కీలకమైన సమయంలో అంత ముఖ్యం కాని వాటిని ఆపి తర్వాత చూపిస్తుంది. ఈ చివరిది నాకు అన్నిటికంటే గొప్ప ఆలోచన అనిపిస్తుంది. అలారం మోగించడం ఎవరైనా రాస్తారు. ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసిన అలారం రాయడమే కష్టం.

పుస్తకాన్ని కూడా వదల్లేదు. 1990లో అసఫ్ డెగాని, ఎర్ల్ వీనర్ నాసా కోసం చెక్‌లిస్టుల మీద పెద్ద అధ్యయనం చేశారు. 1992లో డెగాని కాక్‌పిట్ కాగితాల అక్షరాల మీదే విడిగా ఒక రిపోర్టు రాశాడు. అక్షరం సైజు, వరసల మధ్య ఖాళీ, తక్కువ వెలుతుర్లో కాగితం రంగు, ఇలాంటివన్నీ. నవ్వొస్తుంది కదా? ఊగుతున్న హెలికాప్టర్లో, మబ్బుల్లో, ఒక చేత్తో పేజీలు తిప్పుతున్నట్టు ఊహించుకుని మళ్ళీ చదవండి, నవ్వు రాదు.

ఇప్పుడు మళ్ళీ మన నల్లమలకి. ఆ రోజు ఎగిరింది బెల్ 430. 1990ల మధ్యలో వచ్చిన మోడలు. ఇంజన్, గేర్‌బాక్సు రీడింగుల్ని ముళ్ళ గడియారాల బదులు ఎల్సీడీ తెరల మీద చూపించడం దాని ప్రత్యేకతల్లో ఒకటి. అంటే సమస్యని చూపించే భాగం కొత్త తరానిది. సమస్యకి జవాబు మాత్రం ఇంకా కాగితం పుస్తకంలోనే ఉంది. ప్రశ్న తెర మీద, జవాబు ఒళ్ళో. ఈ రెంటి మధ్య దూరమే ఆరు నిమిషాలు.

ఆ పైలట్లు చెయ్యాల్సిన పనులు చేశారని నేను అనడం లేదు. వాతావరణం అలా ఉన్నప్పుడు దారి మళ్ళించే ఆలోచన చెయ్యలేదని కమిటీ రాసింది, అది చిన్న విషయం కాదు. నేననేది, అంతటితో ఆపితే మనకి పనికొచ్చేది ఏదీ చేతికి రాదని. ఇద్దరు అనుభవజ్ఞులు, ముఖ్యమంత్రి వెనక సీట్లో ఉండగా, అంత ముఖ్యం కాని సమస్య మీద అంతసేపు ఎందుకు ఉండిపోయారు? "ఇది ముఖ్యం కాదు, తర్వాత చూడొచ్చు" అనే ఒక్క ముక్క వాళ్ళకి కావాల్సిన క్షణంలో కళ్ళ ముందు లేదు కాబట్టి. గేర్‌బాక్సు అనే మాట హెలికాప్టర్ పైలట్‌కి గుండెల్లో రాయి లాంటిది. అది విడిపోతే రోటరు లేదు, రోటరు లేకపోతే ఏమీ లేదు. ఆ మాట వినగానే కంగారు పడటం తెలివితక్కువతనం కాదు, శిక్షణ.

అయితే తెర మీద అన్నీ వచ్చేస్తే సరిపోతుందా? అదీ లేదు. మనలో చాలామంది ఉద్యోగం చేసిన బెంగళూరులోనే దానికి సాక్ష్యం ఉంది. 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ320 హెచ్‌ఏఎల్ విమానాశ్రయం ముందున్న గోల్ఫ్ మైదానంలో పడింది. 146 మందిలో 92 మంది పోయారు. విమానం కొత్తది, తెరలు అప్పటికి ప్రపంచంలోనే అత్యాధునికం. ఇంజన్లు ఐడిల్‌లో ఉండి దిగిపోయే మోడ్‌లో విమానం ఉందని పైలట్లకి చాలా ఆలస్యంగా తెలిసింది. ఎంత వేగంగా దిగాలో చెప్పే నాబ్, ఏ ఎత్తుకి దిగాలో చెప్పే నాబ్ పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో పెట్టాల్సిన 700 ఇంకోదాంట్లో పెట్టి ఉండొచ్చని కూడా విచారణలో చర్చించారు. చపానిస్ చూసిన రెండు స్విచ్చులు 47 ఏళ్ళ తర్వాత కంప్యూటరు వేషంలో మళ్ళీ వచ్చాయా అనిపిస్తుంది.

రెండేళ్ళ తర్వాత 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఇంకో ఎ320. 87 మంది పోయారు. అక్కడ ఒకే కిటికీలో రెండు రకాల అంకెలు వచ్చేవి. 3.3 అంటే డిగ్రీలు, 33 అంటే నిమిషానికి 3300 అడుగులు. మధ్యలో ఒక చుక్కే తేడా. తర్వాత ఎయిర్‌బస్ ఆ రెండోదాన్ని నాలుగంకెల్లో చూపించేట్టు మార్చింది. రెండు సున్నాలు కలిపారు, అంతే. యూనిట్లు లేకుండా లాగ్‌లో "టైమవుట్ 30" అని రాసే మిత్రులు దయచేసి గమనించాలి.

ఇంకో వైపు, 2010 నవంబర్ 4న సింగపూర్ నుంచి లేచిన క్వాంటాస్ ఎ380లో ఇంజన్ పేలింది. తెర మీద వరసగా పదుల కొద్దీ హెచ్చరికలు. వాటిని ఒక్కొక్కటీ చూసుకోడానికి దాదాపు 50 నిమిషాలు పట్టింది. అందరూ బతికారు. కానీ ఆ రోజు అదృష్టవశాత్తూ కాక్‌పిట్‌లో ఐదుగురు పైలట్లు ఉన్నారు, ఆకాశంలో కావాల్సినంత టైము ఉంది. నల్లమల మీద ఈ రెండూ లేవు.

ఇదంతా చరిత్ర అని పక్కన పెట్టడానికి లేదు. బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో 1960ల నుంచి ఏవియానిక్స్ పని జరుగుతోంది. మన క్లాస్‌మేట్లు బోలెడుమంది హైదరాబాద్‌లో కూర్చుని ఎక్కడో ఎగిరే విమానాల తెరలకి కోడ్ రాస్తున్నారు, టెస్ట్ చేస్తున్నారు. డీఓ-178 అనే ప్రమాణం ప్రకారం ప్రతి లైనూ ఒక రిక్వైర్‌మెంటుకి ముడిపడి ఉండాలి. చాలా మంచి పద్ధతి. కానీ "33 అని చూపించు" అన్నది రిక్వైర్‌మెంట్ అయితే 33 చూపించే కోడ్ అన్ని టెస్టులూ పాసవుతుంది. మనిషి దాన్ని 3.3 అని చదువుతాడేమో అన్న ప్రశ్న ఆ టెస్టుల్లో ఉండదు. అది ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి. పెద్ద విమానాల విషయంలో, పైలట్లు చేసే పొరపాట్లని ముందే ఊహించి డిజైన్ చెయ్యాలన్న నిబంధన అమెరికాలో వచ్చిందే 2013లో. అంటే చపానిస్ రబ్బరు చక్రం తగిలించిన 70 ఏళ్ళకి.

అది వచ్చాక కూడా 2018లో, 2019లో రెండు బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది పోయారు. ఇలాంటప్పుడు పైలట్లు కొన్ని సెకన్లలోనే సమస్యని గుర్తుపట్టి సరిదిద్దుతారని ఎవరో ఒక డాక్యుమెంట్లో ఊహించుకున్నారు. నిజం కాక్‌పిట్‌లో ఆ క్షణాల్లో ఎన్ని హెచ్చరికలు ఒకేసారి మోగుతాయో లెక్కలోకి తీసుకోలేదు. ఆ రెండు విమానాల గురించి కూడా మొదట్లో చాలామంది అన్నది "పైలట్ తప్పు" అనే.

నేను విమానాల కోడ్ రాసేవాణ్ణి కాదు, మామూలు సర్వర్ల వాణ్ణి. అయినా ఈ చరిత్ర చదివాక మా టీములో ఒక అలవాటు పెట్టుకున్నాం. కొత్త అలర్టు రాసినవాడు దానిలోనే మూడు జవాబులు రాయాలి. ఏం జరిగింది? ఎంతసేపు ఆగొచ్చు? మొదటి పని ఏంటి? మూడోదానికి జవాబు లేకపోతే ఆ అలర్టు రాత్రి పూట మోగకూడదు. రెండోది అన్నిటికంటే కష్టం, అందుకే అందరూ దాన్నే ఎగ్గొడతారు. "పొద్దున చూసుకోవచ్చు" అని రాయడానికి ధైర్యం కావాలి, సిస్టం గురించి బాగా తెలిసి ఉండాలి.

2009లో ఆ పైలట్లకి కావాల్సింది కూడా అలాంటి చిన్న మాటే. ఇది తర్వాత చూడొచ్చు, ముందు బయటికి చూడండి అని.

మీరు రాసే తెరల్లో, అలర్టుల్లో ఆ మాట ఎక్కడైనా ఉందా? రేపు ఆఫీసుకి పోయాక ఒకసారి చూడండి.